వేరు దాకానే నీ పని

"వేరు దాకానే నీ పని. ఎముక నాది" అన్నాడు మా ఆయన, పోయిన వారం, ఆయన వాడి పడేసిన పనిముట్లు నేను తోముతుంటే. ఇంప్లాంట్లు నేర్పే కోర్సుకి విశాఖ వెళ్తానని అప్పుడే అడిగాను. ఆయన నా దరఖాస్తు ఫారం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న నా స్టూలు కాలి కింద దోపాడు. స్టూలు ఊగడం మానేసింది. "చూశావా, పనికొచ్చింది" అన్నాడు.

ఇద్దరం పళ్ల డాక్టర్లమే, ఎం.డి.ఎస్. దాకా చదివాం. కుళ్లిన నరం తీసి, వేరు శుభ్రం చేసి, ఉన్న పన్ను నిలబెట్టడం నా చదువు. పన్ను పీకి, ఎముకలో ఇంప్లాంటు మర దింపి కొత్తది బిగించడం ఆయన చదువు. పలాసలో మా క్లినిక్ బోర్డు మీద ప్రదీప్ కుమార్ అన్న పేరు రోడ్డు అవతలికి కనిపిస్తుంది. షాలిని అన్న పేరు ఫోన్ నంబరు కింద ఉంటుంది. మా అత్తగారు ఎలీసబెతమ్మ నాచేత పొద్దున వంట ముగించనిదే గడప దాటనివ్వదు. నరాలు లాగడానికి అంత తొందరేటమ్మా అంటుంది. పన్ను నిలుస్తుందో లేదో తెలిసేది నాకు, పీకాలని తేల్చేది మాత్రం ఆయన! రెండు పనులూ వస్తేనే కదా ఏది కావాలో రోగికి నిజం చెప్పగలను? అదే అడిగాను. "నీకు రెండూ వస్తే ఇంక నేనెందుకు?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

కోర్సు మాట ఎత్తడానికి కారణం నూకమ్మ. ఉద్దానం తీరం నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆమె ముందుపన్ను నిలుస్తుందని చెప్పి, నేను పని మొదలుపెట్టాను. మధ్యలో ఆయన వచ్చి పీకేసి, మర దింపడానికి సిద్ధం చేశాడు. ఆమె అంగిట్లో మచ్చలు చూసి, అడ్డచుట్ట అని ఆయన చెవిలో చెప్పాను. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు ఇక్కడి ఆడవాళ్లు, ఆ వేడికి మర నిలవదు. మగవాళ్లందర్నీ పొగ తాగుతారా అని అడిగే మనిషి, ఆడదాన్ని అడగనే లేదు. "ట్రే ఇటియ్యి" అన్నాడు. నాలుగో నెలలో మర ఊడి ఆమె అరచేతిలో పడింది. మేడం పన్ను తొలిచే మిషను పెట్టి ఎముక పాడుచేసిందని నా ఎదుటే ఆమెకి చెప్పాడు. నూకమ్మ నావైపు చూసింది. నేను ట్రే పట్టుకెళ్లి కడిగాను. సిగ్గులేనిదాన్ని.

ఈ పొద్దున ఆయన దవడ వాచింది. ఎక్స్‌రే వెలుగులో పెట్టకముందే నా చెయ్యి పట్టుకున్నాడు. "పీకొద్దు షాలూ. ఎలాగోలా నిలబెట్టు." టెక్కలి దాకా వెతికినా ఈ పని చేసేవాళ్లు ఇంకొకరు లేరు. దవడకి మత్తిచ్చి, పంటికి క్లిప్పు బిగించి, నోటికి రబ్బరు షీటు కట్టాను. ఇక ఆయనకి మాట్లాడడం కుదరదు. మర ఊడిన చోటు చూపించుకోడానికి వచ్చి నూకమ్మ బయట బెంచీ మీద ఉంది. లోపలికి పిలిచాను.

"నీ ఎముక నేను పాడుచెయ్యలేదు నూకమ్మా. చుట్ట కాలుస్తావని నేను చెప్పినా వినకుండా ఈయన మర పెట్టాడు. నీ పన్ను అసలు పీకక్కర్లేకపోయింది. ఆ రోజు నోరు మూసుకోవడం నా తప్పే."

నూకమ్మ రబ్బరు షీటులోంచి పైకి కనిపిస్తున్న ఆయన పన్ను వైపు వంగి చూసింది.

"మరి ఈ బాబుది పీకెయ్యనేదేటమ్మా?"

"వద్దని బతిమాలాడు."

స్టూలు కింద నుంచి ఫారం లాగి, మడతలు సాపు చేసి, ఆయన కళ్లముందే సంతకం పెట్టాను. మిషను అందుకుని, ఊగుతున్న స్టూలు మీదే కూర్చున్నాను.

"కదలకండి" అన్నాను.