సూపు జుర్రిన చప్పుడు

అచ్యుతరామయ్య ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లో ఎఫెక్ట్స్ మనిషి. తెరమీద ఎవరు నడిచినా, నమిలినా ఆ చప్పుడు మైకు ముందు ఈయనే చేయాలి. ఓ ముసలి నటుడు షూటింగు ముగించాక చనిపోతే, ఆయన సూపు తాగే సీనుకు గిన్నె పట్టుకుని రెండుసార్లు ఊది జుర్రింది కూడా ఈయనే. అచ్చం ఆయనేనని అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకే కడుపులో పుండన్నాడు డాక్టరు. పాలూ నెయ్యీ మానేసి కూరగాయల సూపే తాగమన్నాడు. రేడియో కట్టేసి, నోరు మెదపకుండా, ప్రతి గుక్కా రుచి చూస్తూ తాగాలట. చప్పుళ్ల మీద బతికేవాడికి ఇదేం శిక్షని ఈయన విసుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం భార్య నాగేశ్వరి సొరకాయ, పెసరపప్పు, మునగాకు వేసి సూపు కాచింది. ఆయన ఒక చెంచా తాగాడు. వెనకే ఇంకో గుక్క వినిపించింది. బొమ్మకీ చప్పుడుకీ సింకు తప్పింది అనుకున్నాడు, అలవాటు కొద్దీ. చెంచా కింద పెట్టి ఊపిరి బిగబట్టాడు.

రెండుసార్లు ఊదిన చప్పుడు. తర్వాత జుర్రిన చప్పుడు. ఆగకుండా సాగింది.

"కాస్త నెమ్మదిగా తాగండి. ఆ జుర్రడమేంటి?" అని వంటింట్లోంచి కసిరింది నాగేశ్వరి.

ఆయన గిన్నెలోకి చూశాడు. అడుగు కనిపిస్తోంది.

ఎదుటి ఖాళీ కుర్చీలోంచి తృప్తిగా ఒక త్రేన్పు వచ్చింది. థియేటర్లో ఆ సీనుకు అచ్యుతరామయ్య త్రేన్పు చప్పుడు చేయలేదు.