జ్వరమని నొక్కితే

ఆగస్టు పన్నెండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మడకశిర దగ్గర ఒక ఊళ్లో సిద్ధగంగమ్మ రెండు తట్టల పట్టుపురుగులను గుంతలో పోసి బ్లీచింగ్ చల్లింది. ఆమె చేతిలో ఫోను ఉంది. ఫోనులో నేనున్నాను.

నేను ఒక జల్లెడను. పిండి జల్లించను, టపాలు జల్లిస్తాను. పట్టు శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఓబులపతి రాసే బ్లాగులో, పైన కుడివైపు ఉంటాను. ఆ బ్లాగులో ఆరువందల నలభై టపాలున్నాయి. ప్రతి టపా కింద ఆయన ట్యాగులు పెడతాడు: ఆకు, వాన, సున్నం, గూడు. నేను పుట్టకముందు ఒక్కో ట్యాగునే నొక్కే వీలుండేది. వాన అని నొక్కితే డెబ్బై ఒక్క టపాలు వచ్చేవి. రైతులు రెండు మూడు చదివి, ఓపిక లేక ఓబులపతికి ఫోను చేసేవారు. ఆయన బ్లాగు పెట్టుకున్నదే ఫోన్లు తగ్గుతాయని.

నన్ను తయారు చేసింది ఆయన మేనల్లుడు ఇంద్రనీల్. హైదరాబాదులో ఉంటాడు, పట్టుపురుగును ఫొటోలోనే చూశాడు. మొదట నన్ను తప్పుగా కట్టాడు. వాన, ఆకు రెండూ ఎంచుకుంటే, వాన ఉన్నవీ ఆకు ఉన్నవీ అన్నీ కుమ్మరించేవాణ్ణి. మొత్తం నూట తొంభై.

"ఉప్పూ కారం వెయ్యమంటే ఒకే కూరలో వేస్తారు కదరా," అన్నాడు ఓబులపతి. "నువ్వు ఉప్పు కూరలన్నీ ఒకపక్క, కారం కూరలన్నీ ఒకపక్క పెడితివి."

ఇంద్రనీల్ సరిచేశాడు. ఆ రోజు నుంచి ఎంచుకున్న ట్యాగులన్నీ ఉన్న టపాలనే చూపుతున్నాను. వాన, ఆకు నొక్కితే పదకొండు వచ్చాయి. ఓబులపతి పదకొండూ చదువుకున్నాడు, తను రాసినవే అయినా.

ఇంద్రనీల్ అక్కడితో ఆగలేదు. ఒకే అర్థం ఉన్న ట్యాగులు ఎక్కువయ్యాయని వాటిని కలిపాడు. వాన, వర్షం ఒకటయ్యాయి. తట్ట, ట్రే ఒకటయ్యాయి. జ్వరం, రోగం ఒకటయ్యాయి. మామకు చెప్పలేదు. చెప్పాల్సినంత పని కాదనుకున్నాడు.

సిద్ధగంగమ్మకు ఇది మొదటి పంట. ఇరవై తట్టలు. మూడు రోజులుగా వాన. మంగళవారం తెల్లవారేసరికి రెండు తట్టల్లో పురుగులు ఆకు ముట్టలేదు. తలలెత్తి, ఒళ్లు మెరుస్తూ, కదలకుండా ఉన్నాయి. మూడో జ్వరం వస్తుందని ఓబులపతి ముందే చెప్పాడు. వానలో జ్వరం వస్తే ఏం చేయాలో ఆమెకు తెలియదు. జ్వరం, వాన ఎంచుకుంది. నేను తొమ్మిది టపాలు చూపాను. పైనున్న ఐదూ రోగానివి. మొదటి టపాలో ఇలా ఉంది: పురుగు ఆకు ముట్టక, ఒళ్లు మెరుస్తుంటే, ఆ తట్ట తీసి గుంతలో పోయాలి.

పోశాక, మిగతా తట్టల్లో కూడా పురుగులు తలలెత్తడం చూసి ఆమె ఫోను చేసింది.

"సార్, జ్వరమని నొక్కితే రోగమొచ్చె. రెండు తట్టలు పారబోస్తిని. ఇంగ పద్దెనిమిదీ పొయ్యల్లా?"

"పొయ్యొద్దు తల్లీ! దేన్నీ ముట్టద్దు. అది రోగం కాదు, జ్వరం. పురుగుకు జ్వరమంటే పొర ఇడిసే నిద్ర. ఆకెయ్యొద్దు. సున్నం సల్లి, గాలాడనియ్యి."

ఆ వెంటనే హైదరాబాదుకు ఫోను వెళ్లింది.

"డిక్షనరీ చూసే కలిపాను మామా. రెండూ ఒకటేనని ఉంది."

"డిక్షనరీ ఎన్ని పురుగులు మేపిందిరా?"

ఇంద్రనీల్ బ్లాగు తెరిచాడు. కలిపింది అతను. చూపింది నేను. రెండు మాటలూ ఉన్నాయా అని మాత్రమే నేను చూస్తాను. వాటి అర్థం నాకు తెలియదు.

జ్వరం, రోగం కలిపిన ఆ ఒక్క ట్యాగు కింద తొంభై మూడు టపాలు పడ్డాయి. ఓబులపతి సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్కటీ చదివి, ఏది జ్వరమో ఏది రోగమో ఫోనులో చెబుతుంటే ఇంద్రనీల్ విడదీశాడు. ఇప్పుడు జ్వరం, వాన కలిపి నొక్కితే నాలుగు టపాలు వస్తాయి.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు సిద్ధగంగమ్మ తట్టల్లో పురుగులు నిద్ర లేచాయి. పద్దెనిమిదీ లేచాయి. ఆమె ఆకు వేసింది.

ఆ రాత్రి ఓబులపతి ఒక టపా రాశాడు. కింద మూడు ట్యాగులు పెట్టాడు: జ్వరం, వాన, తప్పు. మూడోది అంతకుముందు బ్లాగులో లేదు. ఆ మూడూ కలిపి నొక్కితే ఒక్క టపా వస్తుంది. అందులో రెండు తట్టల సంగతి ఉంది.