కుళాయికి ఎడమవైపు

అది పైడమ్మ బిందె కాదు, కాకూడదు, క్యాంప్ టూలో రాగి బిందెలు ఇంకెవరికీ లేవా ఏటి, చిన్నమ్మలుకుంది, కామాక్షమ్మకుంది, కానీ మూతి పక్కన ఆ సొట్ట, కొత్త కాపురానికొస్తూ పవర్‌హౌస్ స్టేషన్లో రైలు దిగేటప్పుడు పైడమ్మ మొగుడు గోపాలం చేతిలోంచి జారి పడ్డ సొట్ట, నేనే ఎదురెళ్లాను స్టేషన్‌కి, ఒరే బిందె మొయ్యలేనివాడివి ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్‌లో ఏం చేస్తావురా అని నవ్వాను, పైడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆ సొట్టే, ఎడమ వరసలో, ఎడమ వరసంటే అప్పలసూరిని పంచాయితీలోంచి దించెయ్యండి అని, కుడి వరసంటే ఉండనివ్వండి అని, అప్పలసూరంటే నేను, షిఫ్ట్ దిగి ఒంటిమీద మసి కడుక్కోకుండా నిలబడ్డ నేను, ఎవడో మార్చి పెట్టుంటాడు, నన్ను దించాలని తిరుగుతున్న జగ్గయ్యే పెట్టుంటాడు, కాదు, ఇంకొకడి బిందె ముట్టుకునే దమ్ము ఈ క్యాంపులో ఎవడికీ లేదు, జగ్గయ్యకి అసలే లేదు, ఆ నమ్మకం మీదే కదా ఈ ఓటు పెట్టించాను.

నేనే పెట్టించాను, చేతులెత్తే ఓటు మనకి పనికిరాదన్నాను, మీటింగు ఎప్పుడు పెట్టినా సగంమంది ఫర్నేసు దగ్గరే ఉంటారు, నీళ్ల వరసలో బిందె పెట్టి పోతే మనిషి నిలబడ్డట్టే కదా, ఓటూ అంతే, ఇంటికో బిందె, కుళాయికి ఇటూ అటూ, నెగ్గినవాడు మాట తప్పితే కాలు పట్టి కిందకి లాగే హక్కుండాలి, ఢిల్లీలో లేని హక్కు మన కుళాయి దగ్గరుంది అని గొంతు చించుకుని అరిచాను, చప్పట్లు కొట్టారు, కొట్టిన చేతులే ఇవాళ బిందెలు మోసుకొచ్చి ఎడమ పక్క పెట్టాయి, అప్పయమ్మ మాట్లేసిన డేక్చీ, రామచంద్రరావు కిరసనాయిలు డబ్బా, వాడి పెళ్లాం పురిటికి రిక్షా తెచ్చింది నేను, ఆ డబ్బా చూస్తుంటే చెంప మీద కొట్టినట్టుంది, కుడి పక్క నా బకెట్, దాని వెనక బిందెలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, ఏటి సూరీ, నీ రూలు బలే పన్చేస్తంది గదా అని జగ్గయ్య బీడీ వెలిగిస్తున్నాడు, పక్కన ఛత్తీస్‌గఢీ వాడొకడు, ఓట్ తో ఓట్ హై భయ్యా, గుస్సా కాహే, ఓటంటే ఓటేనట, కోపమెందుకట, అంటూ పళ్లికిలిస్తున్నాడు, పొండ్రా, మీతో నాకు పన్లేదు, మీ బిందెలన్నీ ఎడమపక్కే పేర్చుకోండి, ఆ ఒక్కటి ఎందుకుందో చెప్పండి చాలు.

గోపాలాన్ని చంపింది బందూకు, ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పాలి, పోయిన ఎండాకాలం బి షిఫ్ట్ దిగి అడ్డదారిన ఇంటికొస్తుంటే, చేతిలో టిఫిన్ కేరేజీ, ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, వాడి కాపలావాడు ఇనప దొంగనుకుని కాల్చాడు, నేనెళ్లేసరికి కేరేజీ మూత ఇంకా నేలమీద గిరగిరా తిరుగుతోంది, కాదు, అంతసేపు ఎలా తిరుగుతుంది, అయినా నాకు తిరుగుతూనే కనిపిస్తుంది, అందుకే కదా పంచాయితీలో పట్టుబట్టాం, క్యాంపు లోపల బందూకు తిరగడానికి వీల్లేదు, అన్నీ ఠాణాలో పెట్టాలి, కాపలావాడికి కర్ర చాలు, ఇద్దరు అటు ఇద్దరు ఇటు, నా ఓటుతో తేలింది, ఒప్పుకోకపోతే ఒక్కడూ పన్లోకి రాడంటే ఠేకేదారు దిగొచ్చాడు, అది తప్పా, తప్పు కాదు, ఇప్పటికీ కాదంటాను, నిజమే, కాపలావాళ్లు మా వీధుల్లోకి రావడం మానేశారు, నిజమే, మగాడు నైట్ షిఫ్ట్‌కెళ్లిన ఇళ్లు చూసి మరీ దొంగలు పడుతున్నారు, కమిటీ వేద్దాం, మనమే గస్తీ తిరుగుదాం అన్నాను, అన్నాను గానీ పన్నెండు గంటలు ఇనుముతో కుస్తీపట్టి వచ్చినవాడు గస్తీ తిరుగుతాడా, ఎవడూ రాలేదు, జగ్గయ్య మాత్రం ఇల్లిల్లూ తిరిగాడు, బందూకు రావాలి సూరిగాడు పోవాలి, ఆ ఇల్లూ ఈ ఇల్లూ తిరగనీ, పైడమ్మ గడప ఎలా తొక్కాడు వాడు, ఏ మొహంతో.

నీళ్లొచ్చాయి, ఆడవాళ్లు ఒక్కసారి కదిలారు, అదుగో పైడమ్మ వస్తోంది, ఇద్దరు ఆడపిల్లల్నీ చెరో పక్కా పట్టుకుని, నన్ను చూసి తల తిప్పుకోలేదు, తిప్పుకుంటే బాగుండును, చెల్లీ, ఎవరైనా బెదిరించారా అన్నాను, నన్నెవులు బెదిరిత్తారన్నియ్యా అంది, జగ్గయ్య ఏమైనా ఇస్తానన్నాడా, ఛీ అంది, మరి ఈ బిందెవరు పెట్టారు, నానే పెట్టినాను అంది, అందరూ వింటుండగా, మరి గోపాలం అన్నాను, ఆయన పోనాడన్నియ్యా, నా తలుపు ఉంది, మొన్న కూడా తోసినారు, పిల్లల్ని మంచం కిందకి తోసేసి రోకలట్టుకుని కూకున్నాను, బందూకు సప్పుడంటే నాకూ గుండె జారిపోద్ది, తలుపు తోసినోడికీ జారాల గదా, ఏడుపొచ్చే మాటలంటూ కూడా ఏడవట్లేదామె, నా చెల్లెలు ఏడవకుండా మాట్లాడగలదని నాకు తెలీదు, ఒక్క మాట నాతో అనొచ్చు కదే, మీటింగుల్లో చెప్పొచ్చు కదా అన్నాను, గట్టిగా అన్నాను, జగ్గయ్య నోట్లోంచి బీడీ తియ్యడం మర్చిపోయాడు, ఏ మీటింగులో అన్నియ్యా అంది, పేటకో మీటింగెట్టినావు, నన్ను ముందు కూకోబెట్టినావు, నానేడిసినాను, నువ్వు మాటాడినావు.

బిందె కుళాయి కిందకి తోసుకుంది, నీళ్లు పడుతున్నాయి, అప్పయమ్మ ఏదో అంటోంది, ఎవరో నా భుజం మీద చెయ్యేశారు, పోనీలే సూరీ అంటున్నారు, నేను వెతుక్కుంటున్నాను, సెక్టారు మైదానంలో మీటింగు, గేటు ముందు మీటింగు, ఠాణా మెట్ల మీద, వైశాలి నగర్ నుంచి వచ్చిన ప్లీడరు గారి ముందు, ప్రతిచోటా ఆమె కొంగుంది, ఆమె వంచిన తలుంది, ఈ తల్లి ఏమంటోందో వినండి అని చెయ్యి చాపిన నేనున్నాను, ఆమె అన్నదని చెప్పిన మాటలన్నీ నాకు నోటికొచ్చు, అవి ఆమె ఎప్పుడందో, ఏ వీధిలో, ఎవరితో అందో, గుర్తు తెచ్చుకుంటుంటే ఒక్కటీ దొరకడం లేదు, ఏడాదిపాటు పైడమ్మ గొంతు నేనేనని చెప్పుకుని తిరిగాను, ఆ గొంతు వినడం నాకివాళే మొదలు.