సెకనులో మూడో వంతు

బాపు కళ్లు తెరిచే ఉంటాయి. ఎదురుగా నిలబడితే మాత్రం మనల్ని చూడవు. కుల్చారం నుంచి మెదక్ వచ్చే రోడ్డు మీద బాపు నడిపే ట్రాలీ ఆటో బోల్తా పడి నలభై మూడు రోజులైంది. ఊపిరి తనంతట తానే తీసుకుంటున్నాడు. ముక్కులో వేసిన పైపు గుండా రోజుకు ఆరుసార్లు పాలో, జావో పోస్తాము. అప్పటి నుంచి అమ్మ, నేను, పెద్దబాపు దవాఖానలోనే ఉంటున్నాము.

పెద్దబాపు అంటే బాపుకు అన్న, ఇమ్మాన్యుయేల్. బాపును పక్కకు తిప్పేది, ఒళ్లు తుడిచేది, బట్టలు మార్చేది ఆయనే. అందుకే ఆయన ఆ మాట అన్నప్పుడు మేము కోప్పడలేకపోయాము.

"పానం ఉండుడు వేరే, మనిషి ఉండుడు వేరే నవోమమ్మా. తమ్ముడు గీ ఒంట్ల లేడు. ఊరికి తీస్కపోదం. పైపు తీసేద్దం. గిట్ల ఎన్ని దినాలు కష్టపెడ్తం వాణ్ని?"

ఆ మాటలు బాపు మంచం మీదుగానే అన్నాడు. ఆయన ఇటువైపు, అమ్మ అటువైపు, మధ్యలో బాపు.

"ఉన్నడు బావా," అంది అమ్మ. "నాకు తెలుస్తది."

"ఎట్ల తెలుస్తది?"

అమ్మ బాపు దుప్పటి సరిచేసింది.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి నాజ్ మేడం వచ్చారు. మెదడు దేన్ని పట్టించుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది ఆమె పరిశోధన. బాపులాంటి మనుషుల తలకు వైర్ల టోపీ పెట్టి, చెవుల్లో పేర్లు వినిపించి, మెదడులో పుట్టే కరెంటును కంప్యూటర్లో గీతలుగా రాసుకుంటారు. అది మనం వాడే కరెంటులో లక్షో వంతు కూడా ఉండదట.

"గీ మెషిన్ మంచిగ చేస్తదా మేడం?" అని పెద్దబాపు అడిగాడు.

"లేదన్నా. ఇది మందు కాదు, పరిశోధన. దీన్ని చూసి మీరు ఏ ఫైసలా చేయొద్దు."

"ఉన్నడో లేడో అయితే చెప్తది గదా."

మేడం వైర్ల చిక్కు తీయసాగారు. దాన్నే పెద్దబాపు అవునని అనుకున్నాడు.

మేడం మాకు ఓపికగా చెప్పారు. చాలా పేర్ల మధ్యలో మన పేరు వినబడితే, సెకనులో మూడో వంతు గడిచేసరికి మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. మనం కావాలని లేపేది కాదు. నాకు అది వెంటనే అర్థమైంది. బడిలో సార్ హాజరు తీసేటప్పుడు మిగతా నంబర్లు చెవిన పడీ పడనట్టు పోయేవి. నా నంబరు రాగానే గుండె ఉలిక్కిపడేది. "ప్రెజెంట్ సార్" అనడానికి నోరు మాత్రం చాలాసేపటికి వచ్చేది. ఆ ఉలికిపాటునే మేడం వెతుకుతున్నారు. అయితే ఒక్కసారి పిలిస్తే కనిపించదు. మెదడులో ఎప్పుడూ సంతలో ఉన్నంత మోత ఉంటుంది. నూరుసార్లు పిలిచి, నూరు గీతలనూ ఒకదాని మీద ఒకటి వేస్తే మోత చెరిగిపోయి అల మిగులుతుంది.

ఇంటివాళ్ల గొంతు అయితే మంచిదని మేడం అమ్మ చేతికి మైకు ఇచ్చారు. కాగితం మీద పేర్లు ఉన్నాయి. మోసెస్, ఇబ్రహీం, యాదలక్ష్మి అన్నీ అమ్మ గడగడా చదివింది. ఆధార్ కార్డు చూసి రాసిన బాపు పేరు దగ్గరకు వచ్చి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పుండ్రి అమ్మా," అన్నారు మేడం.

"పెండ్లినాడు ఒక్కసారి అన్న మేడం. గుడిల ప్రమాణానికి తప్పదు గద. మల్ల అనలే."

"ఇయ్యాల గూడ తప్పదు. అను," అన్నాడు పెద్దబాపు.

మూడుసార్లు తడబడి, నాలుగోసారి "జయానందం" అంది. పెద్దబాపు అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "ఓటరు లిస్టు సదివినట్టు సదివినవ్."

బాపు జుట్టు మధ్య మధ్యలో జిగురు పెట్టి టోపీ తొడిగారు. చెవుల్లో అమ్మ గొంతు నడుస్తూనే ఉంది. మేము గోడకు ఆనుకుని గంటసేపు నిలబడ్డాము. సాయంత్రానికి మేడం కంప్యూటర్ తిప్పి చూపించారు. వేరే పేర్లకు నల్లగీత, బాపు పేరుకు ఎర్రగీత. రెండూ ఒకదాని మీద ఒకటి, కోసిన మడిలాగా చదునుగా ఉన్నాయి.

"అయితే తేలిపాయె," అన్నాడు పెద్దబాపు.

"తేలలేదన్నా. అల కనబడకపోతే మనిషి లేడని కాదు. బాగున్నోళ్లకు కూడా ఒక్కోసారి కనబడదు."

పెద్దబాపు వినలేదు. పది ఫెయిలైన పిల్లవాడి తండ్రిలాగా తల ఊపుతూ బయటకు వెళ్లాడు. కాసేపటికి వచ్చి, రేపు మాపటికి బండి మాట్లాడానని, పాస్టరు గారికి ఫోన్ చేశానని చెప్పాడు. తాత సమాధి పక్కన జాగా శుభ్రం చేయించమని కూడా చెప్పాడట. అది కూడా బాపు మంచం దగ్గరే నిలబడి చెప్పాడు.

అమ్మ ఏడవలేదు. మంచం కోడు పట్టుకుని కింద మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నిస్సి బాపును లేపు తండ్రీ. నిస్సి బాపును కొండవోకు తండ్రీ."

నిస్సి అంటే నేను. దేవుని ముందర కూడా అమ్మ బాపు పేరు ఎత్తదు. నేను పుట్టకముందు "ఇగో" అని పిలిచేదట, పుట్టిన తర్వాత పదహారేళ్లుగా "నిస్సి బాపూ" అనే పిలుస్తోంది. పెద్దబాపుకు ఆయన తమ్మి, ఊరికి నందం. జయానందం అని బాపును పిలిచినవాళ్లు ఎవరూ లేరు. ఇక ఆ మాట అమ్మ గొంతులో వినబడితే ఆయన మెదడు ఎందుకు పట్టించుకుంటుంది?

మేడం వరండా చివర తొట్టి దగ్గర టోపీకి అంటిన జిగురు షాంపూతో కడుగుతున్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. రేపు మధ్యాహ్నం ఆమె వెళ్లిపోతారు. నోరు రావడం లేదు. వైర్లు ఒక్కొక్కటే నీళ్లలో ఆడించి, టోపీని కిటికీ ఊచకు వలలాగా ఆరేశారు.

"ఏంది బేటా?"

"ఏం లేదు మేడం," అని తిరిగి వచ్చేశాను. మంచం దగ్గర పెద్దబాపు సంచుల్లో బట్టలు సర్దుతున్నాడు. బాపు తువ్వాలు మడిచి లోపల పెట్టాడు. అది చూసి మళ్లీ పరుగెత్తాను.

"అమ్మ గట్ల పిలువది మేడం," అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పానో, ఎంత తొందరగా చెప్పానో నాకే తెలియదు. మేడం తడి చేతులు తుడుచుకోకుండా విన్నారు.

"నేను అడగాల్సింది," అన్నారు చివరకు. "కార్డు చూసి రాసిన. తప్పు నాదే బేటా."

తెల్లవారి అమ్మ మళ్లీ మైకు పట్టుకుంది. ఈసారి మాటలు వంశీ బాపూ, సుశీల బాపూ, జోహా బాపూ, మధ్యలో అప్పుడప్పుడు నిస్సి బాపూ. ముందు మాట ఒక్కటే మారాలి, గొంతు మారకూడదు అన్నారు మేడం.

"వేరేటోళ్లను గిట్ల పిలుస్తే ఏమనుకుంటడో," అని అమ్మ గొణిగింది. అయినా పిలిచింది. అలవాటైన మాట దగ్గర మాత్రం ఆమె గొంతు దానంతట అదే, తలుపు దగ్గర నిలబడి పిలిచినట్టుగా సాగింది.

పదకొండు గంటలకు మేడం మమ్మల్ని పిలిచారు. నల్లగీత చదునుగానే ఉంది. ఎర్రగీత కొంతదూరం దానితో కలిసి నడిచి, సెకనులో మూడో వంతు దాటాక విడిపోయి పైకి లేచింది. చిన్న గుట్టలాగా ఉంది. మేడం లెక్క రెండుసార్లు చేశారు. రెండుసార్లూ లేచింది.

"ఈ పిలుపును ఆయన మెదడు పట్టుకున్నది," అన్నారు మేడం.

అమ్మ తెరమీద ఆ గుట్టను వేలితో ముట్టుకుంది.

"లేస్తడా?" అన్నాడు పెద్దబాపు.

"చెప్పలేనన్నా. ఇది గంత చెప్పది."

"మరి గన్ని దినాల సంది మేం మాట్లాడుకున్నయి? అన్ని ఇన్నడా?"

"అది కూడా చెప్పలేను. విన్నడేమో. వినలేదని మాత్రం నేను అనలేను."

పెద్దబాపు స్టూలు మీద కూర్చుండిపోయాడు. సమాధి జాగా సంగతి ఆయనకు గుర్తుకు వచ్చినట్టుంది. తర్వాత "పైపు..." అని మొదలుపెట్టి, బాపు ముఖం చూసి నోరు మూసుకున్నాడు. అమ్మకు బయటకు రమ్మని సైగ చేశాడు.

"ముందే చెప్పిన గద బావా, ఉన్నడని," అంది అమ్మ.

"ఉంటె మరింత కష్టం గాదా వానికి? బయటకు రా. ఈడ వద్దు."

మేడం సామాను తీసుకుని, నా తల మీద చేయి వేసి వెళ్లిపోయారు. అమ్మ, పెద్దబాపు వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నారు. వాళ్ల గొంతులు వినబడుతున్నాయి, మాటలు అర్థం కావడం లేదు. కిందికి వచ్చే బండికి ఫోన్ చేసి వద్దన్నారో లేదో నాకు తెలియదు.

గదిలో బాపు, నేనే మిగిలాము. బాపు మంచిగా ఉన్నప్పుడు కూడా నేను ఆయనతో ఎక్కువ మాట్లాడింది లేదు. ఫీజు, పుస్తకాలు, అన్నం తిన్నావా, అంతే. జిగురు ఎండి జుట్టులో తెల్లగా పొక్కులు కట్టింది. తడిగుడ్డతో తుడుస్తూ ఆయన చెవి దగ్గరకు వంగాను.

"బాపూ, నేను నిస్సిని. అమ్మ, పెద్దబాపు నీ గురించి మాట్లాడనీకి బయటకు పోయిండ్రు. ఏం అనుకుంటరో నాకు తెల్వదు. తెలిసినంక నీకు దాయకుండ చెప్త."