మూడు వడ్లగింజలు

భానుశ్రీ మేడమ్ తెల్లటి పళ్ళెంలో గుప్పెడు మినుములు పోసింది. వేలితో అటూ ఇటూ కదిపి, మూడు వడ్లగింజలూ ఒక ఎండుగడ్డి పుడకా ఏరి పక్కన పెట్టింది.

"చెత్త ఉందమ్మా ఇందులో" అంది.

మార్తకు కడుపు మండిపోయింది. పొద్దున్నే పామర్రులో బస్సెక్కి, ఒళ్ళో మినుముల సంచి పెట్టుకుని, బెజవాడలో ఆ ఆఫీసు ఎక్కడుందో నలుగురిని అడిగి వచ్చింది చెత్త అనిపించుకోవడానికి కాదు. పక్కనే ఉన్న కోడలు బ్లెస్సీ చీరకొంగు పట్టుకుని లాగింది. అత్తగారి నోటి సంగతి దానికి బాగా తెలుసు.

"అది చెత్త కాదు మేడమ్. వరి" అంది మార్త, వీలైనంత మెల్లగా.

జిల్లాలోని ప్రభుత్వ హాస్టళ్ళన్నిటికీ సరుకులు కొనే కమిటీకి భానుశ్రీ పెద్ద. ఆ ఏడాది కొత్తగా ఒక ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో పండించిన రైతుల దగ్గర సరుకు ఉంటే హాస్టళ్ళు ముందు దాన్నే కొనాలి, లేకపోతేనే షాపులకు వెళ్ళాలి. బ్లెస్సీ దాన్ని ఫోన్లో చూసి మూడుసార్లు చదివి వినిపించింది. మార్త మూడుసార్లూ నమ్మలేదు. తన కొడుకు హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడి ఇడ్లీతో కొడితే కాకి చచ్చేదని ఇప్పటికీ చెబుతుంటాడు. చుట్టూ ఊళ్ళ నిండా మినుములు పండుతుంటే, ఆ పిల్లలకు ఎక్కడి నుంచో ఓడల్లో వచ్చిన పాత పప్పు నానబోసేవాళ్ళు. ఇన్నాళ్ళకు ఒకరికి బుద్ధి పుట్టిందనుకుని, మార్త తనలాగే కౌలుకు చేసుకునే పదిమంది ఆడవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టింది.

భానుశ్రీ ఇంకో పొట్లం విప్పింది. నల్లగా, నున్నగా, ఒకే సైజులో నిగనిగలాడుతున్నాయి మినుములు. వాటిని తెచ్చిన హర్షవర్ధన్ ఎదురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. గవర్నర్‌పేటలో వాళ్ళది పప్పుల హోల్‌సేల్ షాపు, తండ్రి నాటి నుంచీ.

"ఈయన షాపాయనేగా మేడమ్?" అని అడిగింది బ్లెస్సీ. "రైతులకే ముందని ఉంది కదండీ?"

"వీళ్ళదీ లోకల్ సరుకేనమ్మా. రైతుల దగ్గర కొని, వాళ్ళ తరఫున ఇస్తున్నారు. పాసుపుస్తకాల కాపీలు కూడా పెట్టారు" అని భానుశ్రీ ఫైలు తిప్పుతూ పైకి చదివింది. "రామకోటేశ్వరరావు, పటమట. నాలుగెకరాలు, పామర్రు మండలం..."

ఆ తర్వాత చదివిన సర్వే నంబరు దగ్గర మార్త తలెత్తింది. ఆ నంబరు ఆమెకు తన పుట్టినరోజు కన్నా బాగా తెలుసు. పద్నాలుగేళ్ళుగా తను కౌలుకు చేస్తున్న చేను అది.

"ఆ చేను చేసేది నేనండీ! ఆ మినుములు మా ఇంట్లో ఉన్నాయి. ఇరవై ఆరు బస్తాలు. ఈయన దగ్గరకెలా వస్తాయి?"

హర్షవర్ధన్ నవ్వాడు. "ఏమ్మా, పాసుపుస్తకం నీ పేరు మీదుందా?"

"కౌలు కార్డుందా?" అని అడిగింది భానుశ్రీ. ఆమె గొంతులో వెటకారం లేదు, కానీ చేతిలో పెన్ను ఆగింది.

కార్డు లేదు. కౌలు కార్డు రావాలంటే చేనుగలాయన సంతకం పెట్టాలి. రామకోటేశ్వరరావు పద్నాలుగేళ్ళుగా వచ్చే ఏడు పెడతానంటున్నాడు. పంట నమోదులోనూ ఆయన పేరే ఉంది. వాన పడితే ఏడ్చేదీ, తెగులొస్తే మందు కొట్టేదీ మార్త. కాగితం మీద మాత్రం పటమటలో ఏసీ గదిలో కూర్చున్న ఆయన పండిస్తున్నాడు.

"సోమవారం దాకా ఆగుతాను. కార్డు తీసుకురండి, లేదా ఆయనే వచ్చి చెప్పాలి. లేకపోతే కాగితం ఉన్నవాళ్ళదే తీసుకోవాలి నేను" అంది భానుశ్రీ.

అత్తాకోడళ్ళు అటునుంచి అటే పటమట వెళ్ళారు. రామకోటేశ్వరరావు ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. ఆయన సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడడు, కౌలు అన్యాయంగా పెంచడు. ఇష్టంలేని పని ఎదురైనప్పుడల్లా దాన్ని రేపటికి నెట్టేసే రకం. ఆయన భార్య రావమ్మ కాఫీలు తెచ్చింది. వాళ్ళిద్దరికీ స్టీలు గ్లాసులు, వీళ్ళిద్దరికీ పేపర్ కప్పులు. మార్త ఆ కప్పును టీపాయ్ మీదే ఉంచేసింది.

"హర్ష వాళ్ళ నాన్నా నేనూ కలిసి చదువుకున్నాం. పాసుపుస్తకం జిరాక్స్ అడిగాడు, ఇచ్చాను. కాగితమేగా, నీ మినుములేం పట్టుకుపోలేదుగా?" అన్నాడు ఆయన.

"పట్టుకుపోలేదు బాబుగారూ. వాటి పేరు పట్టుకుపోయాడు. ఇప్పుడు నా మినుములు ఎవరివీ కాకుండా పోయాయి. కార్డు మీద సంతకం పెట్టండి, చాలు."

"పెడితే రేపు చేను నాదంటారు."

"పద్నాలుగేళ్ళలో ఎప్పుడన్నా అన్నానా?"

"నువ్వనవు. నీ కొడుకంటాడు." ఆయన టీవీ సౌండు తగ్గించాడు. "చూడు మార్తా, ఉన్నదాన్ని చెడగొట్టుకోకు. మినుములు మామూలుగా షాపుకు అమ్ముకో. సోమవారం అక్కడికొచ్చి రచ్చ చేశావంటే వచ్చే వానాకాలం సార్వాకి చేను ఇంకొకళ్ళకిస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

మార్త మెట్లు దిగింది. భయం వేసింది. భయం వేయలేదని చెప్పుకునే మనిషి కాదు ఆమె. ఆ నాలుగెకరాలు పోతే ఈ వయసులో మళ్ళీ కూలికి పోవాలి, ఇంకొకళ్ళ చేలో నడుం వంచాలి. మొగుడు మరియదాసు చనిపోయిన ఏడాది కూడా ఆ చేనే తిండి పెట్టింది.

"వదిలేద్దామా అత్తయ్యా?" అంది బ్లెస్సీ, బస్సు కంకిపాడు దాటాక. "షాపుకే అమ్మేద్దాం. చేను నిలుస్తుంది."

ఉయ్యూరులో బస్సాగినప్పుడు మార్త సంచిలో చెయ్యి పెట్టి, మేడమ్ ఏరి పక్కన పెట్టిన మూడు వడ్లగింజలూ తీసి చూసుకుంది. వచ్చేటప్పుడు వాటిని పళ్ళెం పక్కనుంచి ఏరి తెచ్చుకుంది. పొద్దున బయలుదేరే ముందు బ్లెస్సీ మినుముల్ని చేటలో చెరిగి, జల్లెడ పట్టి, అద్దంలా చేద్దామంది. మార్తే వద్దంది. ఎక్కడ పండాయో కళ్ళకు కనపడాలి కదా, రెండు గింజలు ఉండనీ అంది. ఆ గొప్పే కొంప ముంచింది. అయినా చేసింది తప్పనిపించలేదు ఆమెకు.

"షాపుకమ్మితే ఎవరికమ్మాలి? ఆ హర్షవర్ధన్‌కేగా?" అంది చివరికి. "నా మినుములు నా దగ్గర కొని, ఆయన పేరుతో హాస్టల్‌కి పోస్తాడు. నేను చూస్తూ కూర్చోవాలి. నా వల్ల కాదే."

సోమవారం రామకోటేశ్వరరావు హర్షవర్ధన్ కారులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. మార్తను చూసి చూపు తిప్పుకున్నాడు. భానుశ్రీ ముందు అందరూ కూర్చున్నారు. మార్తకు కుర్చీ చూపించారు గానీ ఆమె నిలబడే ఉంది.

"ఈ మినుములు మీరే పండించి వీళ్ళకు అమ్మారా?" అని అడిగింది భానుశ్రీ.

"నా చేనేనండి. నా చేలో పంట నాదేగా" అన్నాడాయన. అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం ఆయనకు చేతనైన విద్య.

మార్త ముందుకొచ్చింది. "బాబుగారూ, ఒక్కటి చెప్పండి. మన వైపు మినుములు ఎప్పుడు చల్లుతారు?"

ఆయన మొహం కొంచెం విప్పారింది. వ్యవసాయం మానేసి పాతికేళ్ళయినా, అడిగితే చెప్పడం ఆయనకు సరదా. "వరి కోతకు రెండు మూడు రోజుల ముందు. నిలబడ్డ వరిలోనే చల్లుతాం, తడి ఆరకుండా. దుక్కీ లేదు, దున్నుడూ లేదు. వరి కోసేసరికి దుబ్బుల మధ్య మొలకలుంటాయి."

"విన్నారా మేడమ్?" అని మార్త సంచిలోంచి గుప్పెడు మినుములు తీసి పళ్ళెంలో పోసింది. "వరిలో పుట్టి, వరి దుబ్బుల్లో పెరుగుతాయి మా మినుములు. నూర్చినప్పుడు వడ్లగింజలు రాకుండా ఎలా ఉంటాయి? హర్షవర్ధన్‌గారి మినుముల్లో ఒక్క వడ్లగింజ చూపించండి. ఒకే ఒక్కటి."

భానుశ్రీ రెండో పొట్లం మొత్తం పళ్ళెంలో గుమ్మరించింది. కళ్ళజోడు సర్దుకుని వెతికింది. ఆమె కూడా పల్లెటూరి పిల్లే అయ్యుండాలి. వెతికే వేళ్ళకు పని తెలుసు. ఒక్క వడ్లగింజ కూడా దొరకలేదు.

"మిషన్ పట్టించాం మేడమ్. క్లీన్ సరుకు ఇవ్వడం కూడా తప్పేనా?" అన్నాడు హర్షవర్ధన్.

"తప్పు కాదండీ" అంది మార్త. "మీ మిషన్ గొప్పదే. దాని సంగతి వదిలేద్దాం." అప్పుడు ఆమె రామకోటేశ్వరరావు వైపు తిరిగింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి బాబుగారూ అనలేదు. "కోటేశ్వరరావుగారూ, ఆ నాలుగెకరాల పంట ఈయనకి అమ్మేశానంటున్నారు. అలాంటప్పుడు మా ఇంట్లో ఉన్న ఇరవై ఆరు బస్తాలు ఎక్కడివి? ఒక చేలో ఒకే ఏడు మినుములు రెండుసార్లు పండవుగా. అంటే నేను ఎత్తుకుపోయానన్నమాట."

"నేనలా అన్నానా?" అన్నాడాయన.

"అనలేదు. రాయండి." మార్త భానుశ్రీ ముందున్న తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "రెండిట్లో ఒక్క మాట. పండించింది మార్త అనైనా రాయండి, మార్త దొంగ అనైనా రాయండి. దొంగ అని రాస్తే కింద నేనే సంతకం పెడతాను. మేడమ్ పోలీసుల్ని పిలుస్తారు. వాళ్ళు మా ఇంటికీ వస్తారు, ఈ మినుములు ఎక్కడివో చూడ్డానికి వీళ్ళ గోడౌనుకీ వెళ్తారు. రాయండి."

హర్షవర్ధన్ కాలు దించాడు. "అంకుల్, మీరేం రాయక్కర్లేదు. పదండి వెళ్దాం."

"రాయకుండా వెళ్తే నేనే వెళ్ళి మీ గోడౌను చూడాల్సొస్తుంది" అంది భానుశ్రీ. కుర్చీలోంచి కదలకుండానే అంది.

రామకోటేశ్వరరావు కాగితం దగ్గరకు లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. మార్త కళ్ళలోకి చూడలేకపోయాడు. ఒక్క ఏడు కూడా కౌలు ఆలస్యం చేయని మనిషిని దొంగ అని రాయడానికి చెయ్యి రాలేదో, గోడౌను తలుపు తీస్తారని బెదిరాడో ఆయనకే తెలియాలి. చివరికి వంకర అక్షరాలతో రాశాడు. ఈ నాలుగెకరాల్లో పద్నాలుగేళ్ళుగా సాగు చేస్తున్నది, ఈ మినుములు పండించింది మార్త. కింద సంతకం పెట్టాడు.

బ్లెస్సీ దాన్ని పైకి చదివింది. మార్త ఇంకోసారి చదవమంది.

భానుశ్రీ హర్షవర్ధన్ ఫైలు మూసి పక్కకు నెట్టింది. తర్వాత మార్త పళ్ళెం దగ్గరకు లాక్కుని, "బస్తాలు మాత్రం శుభ్రం చేసి పంపాలమ్మా" అంది.

"చేస్తాం మేడమ్. పిల్లలు తినేది, అద్దంలా చేసి పంపుతాం. ఈ పళ్ళెం మటుకు ఇలాగే ఉండనివ్వండి" అంది మార్త. దాచుకున్న మూడు వడ్లగింజలు కూడా తీసి అందులో వేసింది.

ఆఫీసు మెట్ల మీద రామకోటేశ్వరరావు ఆగాడు. మొహం ఎర్రబడి ఉంది. "నాలుగు మాటలు రాయించుకున్నావని సంబరపడకు. సార్వాకి చేను వేరేవాళ్ళకిస్తున్నాను."

ఆ మాట వస్తుందని మార్తకు తెలుసు. తల దించలేదు.

"ఇవ్వండి. చేను మీది. పండించింది మాత్రం నేను. ఆ మాట మీ చేత్తోనే రాశారు" అంది. "ఎవరికిచ్చినా ఒక్క సంగతి చెప్పండి. కాలవ పక్క మడిలో నీళ్ళు ఆలస్యంగా ఇంకుతాయి. ఆ ఒక్క మడిలో మినుములు కోత రోజునే చల్లమనండి. ముందు చల్లితే కుళ్ళిపోతాయి. మొదటి రెండేళ్ళూ నాకు అలాగే పోయాయి. మీకు తెలీదుగా, అందుకని చెబుతున్నాను."

తన చేలో అలాంటి మడి ఒకటుందని ఆయన నిజంగానే ఎరగడు.

బస్సులో బ్లెస్సీ ఆ కాగితం ఫోటోను సంఘం గ్రూపులో పెట్టింది. సంఘంలో మిగతా పదిమందికీ కౌలు కార్డులు లేవు, పదిమందికీ ఎక్కడో ఒక బాబుగారున్నారు. బస్సు ఉయ్యూరు చేరేదాకా ఫోన్ మోగుతూనే ఉంది.

"హెలెన్ పిన్ని అడుగుతోంది అత్తయ్యా. వాళ్ళ ఓనర్ గన్నవరంలో ఉంటాడంట. పండించిందా, దొంగిలించిందా అని ఆయన్నీ అడగాలంట. ఎప్పుడు వెళ్దాం అంటోంది."

మార్త కిటికీలోంచి కోతలయిపోయిన చేలవైపు చూస్తోంది.

"రేపే వెళ్దామని చెప్పు. తెల్లకాగితాలు మాత్రం మనమే పట్టుకెళ్దాం" అంది.