మొలతాడు జారిన పొద్దు

ఉగాది పోయిన నాలుగో రోజు. పొద్దు ఇంకా బారెడు ఎక్కలేదు. గట్టయ్య బావి గడ్డ మీద నిలబడి రెండో బొక్కెన నెత్తిన గుమ్మరించుకున్నాడు. నీళ్లతో పాటు ఇంకేదో జరజరా జారి కాళ్ల మీద పడింది. పామనుకుని ఎగిరి పక్కకు దూకాడు. చూస్తే పాము కాదు, తన వెండి మొలతాడు.

పెండ్లినాడు మామ పెట్టిన మొలతాడు అది. ఒళ్లు పెరిగేకొద్దీ రెండు మార్లు ముక్క అతికించి పొడుగు చేయించాడు. పది నెలల కింద కడుపు మడతలో దిగబడి వెతికితే గాని కనపడేది కాదు. ఇప్పుడు తుంటి మీంచి జారి బురదలో పడి ఉంది.

నీళ్లకు వచ్చిన అతని భార్య మణెమ్మ అది చూసింది. చేతిలో ఉన్న బిందె వదిలేసింది.

"అయ్యో, నా కొంపల మన్నువడె! మొలతాడు జారెరో దేవుడా!"

ఆ అరుపుకు వాడ వాడంతా బయటికొచ్చింది. ఆమెను అనడానికి లేదు. ఆ పక్కల మొగవాని ఒంటి మీంచి మొలతాడు తీసేది ఒకేసారి, పాడె ఎక్కించే ముందు. బతికున్నవాడి మొలతాడు దానంతట అదే జారిందంటే లోపల ఏదో మనిషిని తినేస్తున్నట్టే లెక్క.

"నీకేమైందో చెప్పరాదయ్యా," అంది మణెమ్మ, బురదలోని మొలతాడు తీయడానికి కూడా చెయ్యి రాక. "నెలలసంది సూస్తున్న. తిండి సగమాయె. ఒళ్లు కరిగిపాయె. నోరు తెరవవైతివి."

"ఏం గాలేదే. మంచిగనే ఉన్న."

"మంచిగుంటె ఇదెట్ల జారింది?"

జవాబు గట్టయ్య దగ్గర ఉంది. పది నెలలుగా ఉంది. అది చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి, ఆ సంగతే నోట రాదు.

గట్టయ్యది మోతె దగ్గరి ఊరు. మూడొందల గొర్రెల మంద. ప్రపంచ యుద్ధం నాడు సూర్యాపేటకూ కోదాడకూ పొట్టేళ్లు తోలి కాస్త కలిగినవాడయ్యాడు. అప్పట్నుంచి మంద వెంట జీతగాళ్లు, మంచం మీద గట్టయ్య. తెల్లన్నం, కొవ్వు తునకలు, పొద్దు గూకితే కల్లు. ఒళ్లొచ్చిన మనిషంటే కలిగిన మనిషి. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు, తనకూ తప్పనిపించలేదు.

కిందటి వేసంగిలో రజాకార్లు ఊరి మీద పడ్డారు. "వచ్చిండ్రు, ఉరుకుండ్రి!" అని కేక. ఊరంతా గుట్టకేసి పరుగు. గట్టయ్యా పరుగెత్తాడు, తన మంద దొడ్డి దాకా. గట్టిగా నలభై అడుగులు. రొమ్ములో రోకటి పోటు పడ్డట్టయి మోకాళ్ల మీద కూలాడు. తల తిప్పి చూస్తే మణెమ్మ పక్కనే ఉంది.

"నువ్వు పోవే! ఉరుకు!"

ఆమె పోలేదు. అతన్ని దొడ్డిలోకి నెట్టింది. నల్ల గొర్రెల నడుమ గొర్రెలాగే వంచి, నల్ల గొంగడి కప్పి, తనూ అందులో దూరింది. ఇద్దరు రజాకార్లు దొడ్డిలోకి వచ్చి చేతికందేంత దూరంలో నిలబడి రెండు పొట్టేళ్లను ఏరుకున్నారు. గట్టయ్య ఊపిరి కొలిమి తిత్తిలా బుసకొడుతుంటే మణెమ్మ కొంగు ఉండ చుట్టి అతని నోట్లో కుక్కింది. గొర్రెల అరుపుల్లో ఆ బుస కలిసిపోయింది. అంతే, ఆ పూటకు బతికారు.

సాయంత్రం చూస్తే రెండిళ్లు కాలిపోయాయి. ఉరకలేని ముసలాయన ఈదయ్య తన గడప ముందే బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద గుండు దెబ్బ. గట్టయ్య ఆ గడప ముందు చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ పడి ఉండాల్సింది ఈదయ్య ఒక్కడే కాదు, తనూ, తన పక్కన మణెమ్మా. ఈదయ్యను వయసు కూలేసింది. మణెమ్మను కూలేసేది మాత్రం తన ఒళ్లే.

పదిహేను రోజులకు తోళ్లు వేసుకుని సూర్యాపేట పోయాడు. షావుకారు దగ్గర తోళ్లు తూచే పెద్ద తక్కెడ ఉంది. "నన్నూ ఒకమారు తూయుండ్రి," అని నవ్వులాటకు ఎక్కాడు. తూకం రాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టారు. తొమ్మిది మణుగులు. నవ్వుతున్నవాళ్లు కూడా నవ్వు ఆపారు. గట్టయ్యంటే ఏ జీవాన్నైనా నడుం కింద చేతులేసి లేపి అరవీశె తేడా లేకుండా బరువు చెప్పే మనిషి. బలిసిన పొట్టేలు మూడు మణుగులు. అంటే మూడు పొట్టేళ్లంత ఒళ్లును మోసుకుంటూ తను గుట్టకేసి ఉరకబోయాడన్న మాట!

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయాడు. డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టి విని, ఉర్దూలో రెండు మాటలు చెప్పి లోపలికి పోయాడు. ఆ రెండు మాటలను విడమరిచి చెప్పింది కంపౌండర్ దేవదాసు. కోదాడ మనిషి, మాట కాస్త ఆంధ్ర వైపు వంగి ఉంటుంది. దేవదాసు ఇంట మంచినీళ్లు ముట్టని కులం గట్టయ్యది. అయినా ఆ పూట అతని ప్రతి మాటనూ పంచె కొంగున ముడేసుకున్నాడు.

"రేపట్నుంచే ఉరుకుడు మొదలువెడ్త సారూ."

"ఉరికితే ఎల్లుండికి పాడె కట్టించుకోవాలి. ముందు నడక నేర్చుకో. ఇంటి నుంచి బావి దాకా, మళ్లీ ఇంటికి. ఈ వారం అంతే. పైవారం ఇంకో ఇరవై అడుగులు. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట ఆగిందా, నువ్వూ ఆగు. రొమ్ములో పట్టినట్టుంటే కూర్చుండిపో, బండి కట్టించుకొని ఇక్కడికి రా."

"తిండి బందు వెట్టాల్నా?"

"వద్దు వద్దు. పస్తుంటే నాలుగో రోజు కుండతో సహా మింగుతావు. నెలకొక ముద్ద తగ్గించు. తెల్లన్నం బదులు జొన్న గటక, మజ్జిగ. కొవ్వు తునకలు పక్కవాళ్ల విస్తట్లో వెయ్యి. కల్లు..."

"కల్లు గూడనా సారూ?" గట్టయ్య గొంతు ఏడుపుకొచ్చింది.

"ముంతను సగం చెయ్యి. ఆ సగం సంగతి తర్వాత చూద్దాం."

"గిట్ల ఎన్ని రోజులు?"

"పదేళ్లలో వచ్చింది పది రోజుల్లో పోతుందా? నీ మందలో ముసలి గొర్రె ఉందా?"

"ఉన్నది, బొల్లిది. కుంటుతది."

"దాని వెంట పో. అది ఎంత నడిస్తే అంత. అది ఆగితే ఆగు."

మొదటి రోజు బొల్లి గొర్రెతో మాట్లాడుతూ బయల్దేరాడు. "బొల్లీ, ఇయ్యాల ఎండ..." అన్న దగ్గరే మాట ఆగిపోయింది. ఇంటికీ బావికీ నడుమ నిలబడిపోయాడు. బొల్లి వెనక్కి తిరిగి చూసింది. ఒక గొర్రె తనను చూసి జాలిపడడం గట్టయ్య బతుకులో అదే మొదలు. వారానికి బావి చేరాడు. నెలకు తంగేడు పొద. బతుకమ్మ నాటికి మూడు తాటిచెట్లు. పక్కింటి మల్లన్న అరుగు మీంచి రోజూ ఒక మాట విసిరేవాడు.

"ఏం గట్టన్నా, మూడొందల జీవాలు జీతగాళ్లకిచ్చి గీ కుంటిదాన్ని నువ్వు కాస్తున్నవ్? దీనికేమన్న మాన్యం రాసిచ్చినవా?"

"నీకంటె మంచిగ ముచ్చట వెడ్తది లేరా!"

వానాకాలం పోతూ పోతూ యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు ఖతమయ్యారు. గట్టయ్య నడక మాత్రం ఆగలేదు. ఒకళ్లు పోతే ఇంకొకళ్లు వస్తారు, ఈదయ్య మాత్రం లేచి రాడు. చలికాలంలో సూర్యాపేట తక్కెడ ఎక్కితే ఏడున్నర మణుగులు. తక్కెడ దిగి, ఎవరూ చూడకుండా ఒక చిన్న గంతు వేశాడు. ఇంటికొచ్చి మణెమ్మకు చెప్పబోయి ఆగిపోయాడు. ఎందుకు తగ్గావంటే ఏం చెప్పాలి? నా ఒళ్లు నిన్ను చంపేదే అని ఏ నోటితో అనాలి?

అలా దాచిన మాట ఉగాది దాటాక బురదలో పడ్డ మొలతాడై బయటికొచ్చింది.

మణెమ్మ అదే పూట మిర్యాలగూడ దగ్గరున్న తన అన్న బీరప్పకు కబురు పంపింది. బీరప్ప వాతలు పెట్టడంలో పేరున్నవాడు. చిక్కిన జీవానికీ, తగ్గని నొప్పికీ, పచ్చకామెర్లకూ అతని ఇనుప చువ్వే మందు. మూడో రోజు పొద్దున దిగాడు. కాళ్లు కడుక్కోక ముందే బావను పైనుంచి కింద దాకా చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఏంది బావా, గిట్లయినవ్? తుమ్మ మొద్దోలె ఉండేటోనివి, తుమ్మ బరిగె అయితివి గదయ్యా!"

"బావా, నాకు రోగం లేదు."

"లేదన్నోనికే ముదురుతది. సెల్లే, నిప్పు జెయ్యి."

"సూర్యాపేట దవాఖానల నన్ను తగ్గుమన్నరు. నడువుమన్నరు."

"తగ్గుమన్నరా? మందిని బలంగ చేసే దవాఖానలు సూసిన గని, బక్కగ చేసే దవాఖాన యాడ సూడలే. మల్లన్నా, రెక్కలు పట్టు!"

వాకిట్లో తుమ్మ కట్టెలు అంటుకున్నాయి. చువ్వ కొన ఎర్రబడింది. మల్లన్నా ఇంకో ఇద్దరూ గట్టయ్యను పండబెట్టారు. మణెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "జర ఓర్సుకో అయ్యా, నీ కాళ్లు మొక్కుత," అంటోంది. గట్టయ్య నమ్మలేకపోయాడు. తన ఇంట్లో, తన మనుషులే! అప్పుడు గుర్తొచ్చింది. చిక్కిన గొర్రెను తనూ ఇలాగే పట్టించాడు, పండబెట్టాడు, కాల్చాడు. ఒకటా రెండా, వందలు. ఏ ఒక్కదాన్నీ అడగలేదు. నీకు రోగముందా లేదా అని గొర్రెనెవరడుగుతారు?

చువ్వ నిప్పులోంచి లేచింది. కడుపు మీద వేడి తగిలింది.

తర్వాత ఏం చేశాడో అతనికే తెలియదు. మల్లన్న ఒక పక్క దొర్లాడు, మిగిలిన ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. గట్టయ్య వాకిలి దాటాడు. దొడ్డి దాటాడు. బావి దాటాడు. వెనక బీరప్ప, ఎర్రని చువ్వ పైకెత్తి, "పట్టుండ్రి! పట్టుండ్రి! రోగం నెత్తికెక్కింది!" అని కేకలు. బావి దగ్గర బీరప్ప కేక ఆగింది. తంగేడు పొద దగ్గర మల్లన్న కూలబడ్డాడు. మూడు తాటిచెట్లూ వెనక్కి పోయాయి. గుట్ట మొదట్లో రాతికి చెయ్యి ఆనించి గట్టయ్య నిలబడ్డాడు.

రొమ్ము ఎగిసి పడుతోంది, కాని పోటు లేదు. "బొల్లీ," అన్నాడు పైకే, చూద్దామని. మాట వచ్చింది. తను ఉరికాడు! ఆనాడు ఊరంతా వచ్చి చేరిన గుట్టకే ఉరికొచ్చాడు!

ఆ సంబరంలో వెనక్కి తిరిగాడు. చాలా దూరాన, తాటిచెట్లకు అవతల, డొక్క పట్టుకుని ఒక్కతే వస్తోంది మణెమ్మ.

ఆమెను వదిలేసి వచ్చాడు. ఎవరి కోసం పది నెలలు నడిచాడో ఆ మనిషిని ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వదిలేసి వచ్చాడు.

గబగబా ఎదురు పోయాడు. మణెమ్మ అతన్ని చూస్తూ అక్కడే ఆగిపోయింది, దయ్యాన్ని చూసినట్టు.

"నువ్వు ఉరికినవ్," అంది.

"ఆనాడు దొడ్డి కాడ ఉరకలేకపోతి. నా కోసం నువ్వు ఆగితివి. ఈదయ్య లెక్కన నువ్వు గూడ నా పక్కపొంటి పండేదానివి. గందుకే నడిచిన. గందుకే తగ్గిన. రోగం గాదే మణెమ్మా." పది నెలల మాట ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ఆమె దగ్గరికొచ్చి, మందలో జీవాన్ని చూసినట్టే బొటనవేలితో అతని కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. వెన్నుపూస పక్కన నడుం కండ ఒత్తి చూసింది.

"రోగపు జీవానికి కన్ను తెల్లగుంటది," అంది మెల్లగా. "నీది నెత్తురోలె ఎర్రగున్నది. మూడొందల గొర్ల కండ్లు సూస్తనే, నీ కన్ను సూడకపోతినేంది?"

నేల చూస్తూ మళ్లీ అంది.

"ఆనాడు నేను నీ కోసం ఆగలే."

"ఏంది?"

"నాకు కాళ్లు రాలే. భయానికి కట్టెలోలె బిగుసుకపోయినయ్. నువ్వు కూలవడ్డంకనే నాకు కాళ్లు సేతులు కదిలినయ్. నువ్వు ఉరికి ఉంటె, నేనొక్కదాన్నే నడి వాకిట్ల నిలవడిపోదును."

గట్టయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. నిజమే చెప్పిందో, తన మీది బరువు దించడానికి చెప్పిందో ఆమె మొహం చూస్తే తెలియలేదు. మాట ఆగితే ఆగమన్నాడు కదా దేవదాసు. అక్కడే, దారి మీదే, కూర్చుండిపోయాడు. మణెమ్మ కూడా కూర్చుంది.

కొంతసేపటికి బీరప్ప చేరాడు. చువ్వ నల్లబడి చల్లారింది, దాన్ని చేతికర్రలా ఊతం చేసుకుని వస్తున్నాడు.

"ఆగినవా బావా... ఆగినవా..." ఆపై మాట లేదు, ఆయాసమే.

"అన్నా, మాట రాకుంటె కూసో," అంది మణెమ్మ. "వాత అక్కరలేదు, నీ బావను నేను సూసుకుంట."

మర్నాడు తెల్లవారుతుండగా గట్టయ్య బొల్లి గొర్రెను తోలుకుని వాకిలి దాటాడు. నడుముకు కొత్త నల్లదారపు మొలతాడు, రాత్రి మణెమ్మ వేలు దూరేంత సందు ఉంచి కట్టింది. గొర్రెకు అవతలి పక్క కొంగు బిగించి ఆమె కూడా నడుస్తోంది.

"ఎందాక?"

"ఇయ్యాల బావి దాక. మాట్లాడుకుంట నడువాలె."

"ఏం మాట్లాడాలె?"

"ఏదో ఒకటి."

మణెమ్మ ఈదయ్య సంగతి ఎత్తింది. సగం దారిలో ఆమె మాట ఆగింది. ముగ్గురూ ఆగారు.