సారు పేరు మీద చదువు

జొన్నరొట్టె కొట్టేటప్పుడు పుష్ప ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుంటుంది. రెండు చేతులకూ పిండే కాబట్టి పేజీ తిప్పాల్సి వస్తే చిటికెనవేలి కణుపుతో తిప్పుతుంది. రొట్టె ఒకవైపు కాలేలోపు అర పేజీ, తిరగేస్తే ఇంకో అర పేజీ. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ చదువు అనరు. అత్త సుక్కమ్మ లెక్కలో అది ఫోన్ చూసుడు. మొగుడు పరశురాములు లెక్కలో టైంపాస్. అదే చదువు ఆయన పేరు మీద కనబడితే మాత్రం లోకానికి గొప్ప పాండిత్యమైంది, చోద్యం కాకపోతే!

ఎట్లాగంటే, చదివిన పుస్తకాల గురించి రాసుకునే పెద్ద యాప్ ఒకటుంది, దేశదేశాల వాళ్లు వాడేది. పరశురాములు కోస్గి బడిలో పంతులు. తోటి పంతుళ్లు చెబితే తన పేరుతో, తన ఫొటోతో అందులో అకౌంట్ తెరిచాడు. ఒక్క పుస్తకం పెట్టి మరిచిపోయాడు. పుష్ప నేను కూడా రాసుకుంటానంటే, "నాది ఉన్నది గద, అండ్లనే రాసుకో. ఇంట్ల మనిషికొకటి ఎందుకు?" అన్నాడు. అప్పుడు ఆమెకూ తప్పనిపించలేదు. ఇల్లు, బండి, గ్యాసు, కరెంటు మీటరు, చేతిలో ఉన్న ఈ ఫోన్ నంబరుతో సహా అన్నీ ఆయన పేరు మీదే ఉన్నచోట ఇదొకటి బరువా? ఆమెకు కావలసింది చదివింది ఎవరితోనైనా చెప్పుకోవడం. డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆ మాటలు లోపలే కుక్కుకుని కుక్కుకుని ఉన్నాయి. అవన్నీ ఆ అకౌంట్లో పోసింది. జనం చదివారు, మెచ్చుకున్నారు. "ఎంత బాగా రాశారు సార్" అన్నారు. మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఏడాది చివర ఆ యాప్ లెక్కగట్టి, మీరు చాలామంది కంటే ఎక్కువ చదివారని పరశురాములు ఫొటో పక్కన ఒక పతకం బొమ్మ వేసింది. ఆయన దాన్ని బడి గ్రూపులో పెట్టాడు. దోస్తులు ఇంటికొచ్చి శాలువా కప్పారు. పుష్ప చాయ్ అందిస్తుంటే సతీశ్ సారు, "మీ సారు ఎంత చదువుతడమ్మా! మీరు గూడ జర అలవాటు చేసుకోండ్రి" అన్నాడు. ఆమె మొగుడి వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని, కనీసం నవ్వనన్నా నవ్వుతాడేమోనని. ఆయన శాలువా అంచు సర్దుకుంటూ, "దానికి టైం యాడుంటది, ఇంటి పనే సరిపోతది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం సగమే కాబట్టి పుష్పకు మరీ మండింది. అందరూ పోయాక చాయ్ కప్పులు తోమింది, రొట్టెలు చేసింది, మామ ఐలేశం మొదలు అందర్నీ తిన్నారా అని అడిగి అడిగి పెట్టింది. చివర్న అడుగంటిన కూర గీకి, పొయ్యి దగ్గరే నిలబడి తిన్నది. ఆమె తిన్నదా అని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంత ఉన్నా ఆమె ఆ యాప్‌ను పట్టుకుని వేలాడింది సుచరిత కోసం. సుచరితది నల్లగొండ. మొహం ఎరగదు, గొంతు వినలేదు. ఒక తల్లి కథ గురించి రాస్తూ పుష్ప తమ ఇంటి గొర్రెల సంగతి చెప్పింది: పొద్దుగూకి మంద తిరిగొచ్చినప్పుడు దొడ్డి తడిక తీస్తే పిల్లలన్నీ ఒక్కసారే ఉరుకుతాయి, అంత అరుపుల్లోనూ ప్రతిదీ తన తల్లినే పట్టుకుంటుంది, పెద్ద మందలో మనిషికి మాత్రం ఆ తెలివి ఎందుకు లేదో అని. దాని కింద సుచరిత, "మగవాళ్లు గింత దగ్గరికెళ్లి చూసి రాసుడు నేను చూడలె సార్" అని పెట్టింది. అప్పటి నుంచీ ప్రతి పుస్తకానికీ ఇద్దరి మధ్యా మాటలే. అమ్మో, ఆ మాటల కోసం పుష్ప ఎంత ఎదురుచూసేది! అంతా అయ్యాక సుచరిత, "ఉంటా సార్, నమస్తే" అనేది. ఆ సార్ దగ్గరకొచ్చేసరికి నేను సారును కాదే, ఆడదాన్నే, నీలాంటిదాన్నే అని అరవాలనిపించేది.

ఒకనాడు సుచరిత రాసింది: "నేను గీ యాప్ ఇడిసిపెడుతున్న సార్. మనం ఏం చదువుతున్నమో చూసి మనకే సామాన్లు అమ్మజూస్తున్నరు. చదువుడు గూడ పరుగుపందెం చేసిండ్రు. మేం నలుగురం కలిసి సొంతంగ చిన్నది ఒకటి కట్టుకున్నం. దాంట్ల పతకాలు లేవు, పందెం లేదు. తెలుగు పుస్తకాల పేర్లు గూడ మనమే ఎక్కించుకోవాలె. వస్తే సంతోషం."

పుష్ప ఆ సంగతి చెబితే పరశురాములు తల కూడా ఎత్తలేదు. "గంత పెద్దది ఇడిసిపెట్టి గా చిన్నదాంట్లకు ఎవలు పోతరు? అండ్ల నన్ను ఎవలు చూస్తరు?" అన్నాడు. నన్ను అట!

సుచరిత లేని ఆ పెద్ద యాప్ సంతలా ఉంది. అరుపులున్నాయి, మాట లేదు. పుస్తకంలో మంచి ముక్క తగిలినప్పుడల్లా ఇది సుచరితకు చెప్పాలి అని మనసు ఉరికేది, ఉరికి ఉత్తచేతులతో వచ్చేది. ఇరుగుపొరుగు పోయినా ఇంత బెంగ పెట్టుకోరేమో.

చివరికి ఒక మధ్యాహ్నం, బట్టలు సబ్బునీళ్లలో నానుతుండగా, కొత్తదాన్ని తెరిచింది. మొట్టమొదట అది మీ పేరు అని అడిగింది. సారు పేరు పెడితే సుచరిత వెంటనే పలుకుతుంది. తన పేరు పెడితే ఎవరో కొత్త మనిషి అవుతుంది. చేతుల తడి కొంగుకు తుడుచుకుంది. పుష్ప అని కొట్టింది. పాత అకౌంట్‌లోంచి గొర్రెపిల్లల మాటలు తెచ్చి పెట్టింది. ఇవి చూస్తే గుర్తుపడుతుంది కదా అని ఆశ.

జవాబు వచ్చింది. "పుష్ప గారూ, ఏమనుకోకుండ్రి. గివి కోస్గి పరశురాములు సారు మాటలు. ఇంకొకరివి మన పేరు మీద పెట్టుకోవద్దు. తీసేస్తున్న."

పుష్ప మొహం కాలిపోయింది. తన మాటలకు తనే దొంగ అయింది. అదీ సుచరిత చేతిలో. బట్టలను బండకేసి ఎంత బాదిందో, సుక్కమ్మ లోపల్నుంచి "చిరుగుతయే, మెల్లగ" అన్నది.

పొద్దుగూకేవేళ పక్క మంద భిక్షం వాకిట్లోకి కేకలేస్తూ వచ్చాడు. తన గొర్రెపిల్ల ఒకటి వీళ్ల దొడ్డిలో చేరిందట, చూస్తే దాని వీపు మీద వీళ్ల ఎర్ర రంగు గుర్తు ఉన్నదట. ఐలేశం పొరపాటున పూసి ఉంటాడు. నాది అంటే నాది అని ఇద్దరూ పట్టుబట్టారు. సుక్కమ్మ విసుక్కుంది. "లొల్లి ఎందుకు? రంగు మనం పూసినం, పాలు మనం ఇచ్చినమా? భిక్షం, నీ గొర్రెను తోలుకరా. పిల్లను ఇడుద్దాం." రెండు మందల గొర్రెలూ నిలబడ్డాయి. తడిక తీశారు. ఆ పిల్ల మొదట ఇటు వచ్చింది, ఆగింది, అవతల్నుంచి అరుపు వినబడగానే ఉరికి భిక్షం గొర్రె పొదుగులో మూతి పెట్టింది. ఐలేశం తడిక మూసేశాడు. పుష్ప కళ్లు ఎందుకు తడిశాయో అక్కడ ఎవరికీ తెలియదు.

పొయ్యి ముట్టించే ముందే ఫోన్ తీసి రాసింది. "సుచరితా, గా మాటలు నావే. పైన రంగు ఒక్కటే సారుది, మా ఆయనది. నువ్వు ఇన్ని రోజులు సార్ సార్ అని మాట్లాడింది నాతోనే. నేను రొట్టెలు కొట్టుకుంట చదువుతా, అందుకే జవాబు ఆలస్యమయ్యేది. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. ఇగ నుంచి నేను ఏం రాసినా గీ పేరు మీదనే." పంపించి, చేతులు కడుక్కుని, పిండి ముందేసుకుంది.

పరశురాములు తినడానికి కూర్చుని, రెండో రొట్టె తుంచుతూ, "పుష్పా, మన దాంట్ల కొత్తది ఏం పెడతలేవు? సతీశ్ గూడ అడుగుతుండు" అన్నాడు.

"మీరు చదివింది మీరు పెట్టుండ్రి. నేను చదివింది నేను పెట్టుకుంటున్న."

"యాడ?"

"నా పేరు మీద."

ఆయన తుంచిన ముక్క పళ్లెంలో పెట్టేసి అమ్మానాన్నల వైపు చూశాడు. ఐలేశం అన్నం కలుపుకుంటున్నాడు. సుక్కమ్మ, "నీది నువ్వు చదువుకోరాదుర, పంతులువే గద" అన్నది, పచ్చడి అందుకుంటూ.

ఉప్పు డబ్బాకు ఆనించిన ఫోన్ వెలిగింది. పుష్ప పిండి చేతులతోనే వంగి చూసింది. సుచరిత పెద్దగా ఏమీ రాయలేదు.

"పుష్పా, తిన్నవా?"

ఎంతకాలమైంది ఈ మాట విని! ఆమె పొయ్యి మంట తగ్గించింది. పీట వాల్చుకుని అందరి మధ్యా కూర్చుంది. "లేదే, ఇప్పుడే తింటున్న" అని రాసి, వేడి వేడి రొట్టె తన పళ్లెంలో వేసుకుంది.